విమానంలో వైఫై నమ్ముకుని ఆఫీస్ పని పెట్టుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

మేఘమాల:
అందరికీ నమస్కారం. త్వరలో ఒక లాంగ్ ఫ్లైట్ ఎక్కాలి, రాత్రంతా సముద్రం మీదే. సరిగ్గా అదే టైమ్‌కి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, నువ్వు అందుబాటులో ఉండాలి, విమానంలో వైఫై ఉంటుందిగా అని మా మేనేజర్ తేలిగ్గా అనేశారు. ఎయిర్‌లైన్ సైట్‌లో చూస్తే మెసేజింగ్ ప్లాన్ ఒకటి, ఫుల్ ఫ్లైట్ ప్లాన్ ఒకటి ఉన్నాయి, స్పీడ్ ఎంతో ఎక్కడా రాయలేదు. ఇదివరకు వేరే ఎయిర్‌లైన్‌లో ఫుల్ ప్లాన్ తీసుకున్నా, మెయిల్ ఓపెన్ అయింది గానీ ఆఫీస్ వీపీఎన్ (ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళే ఎన్‌క్రిప్టెడ్ దారి) కనెక్ట్ అయినట్టే అయి ఒక్క పేజీ కూడా లోడ్ కాలేదు. వీడియో మీటింగ్ సంగతి వదిలేయండి, కనీసం వీపీఎన్, చాట్, సర్వర్‌కి కమాండ్లు కొట్టే ఒక టెర్మినల్ విండో, ఈ మూడూ నడుస్తాయా? పెద్ద ప్లాన్ కొంటే మెరుగ్గా ఉంటుందా?

కిటికీసీటు:
చాట్ వరకు పర్లేదండి. మిగతా రెండూ ఏ విమానం అన్నదాన్ని బట్టి. రిలీజ్ లాంటిదైతే కింద ఇంకొకరిని బ్యాకప్ పెట్టుకోమని మీ మేనేజర్ గారికి ఇప్పుడే చెప్పేయండి.

యాంటెన్నా_రంగయ్య:
మేఘమాల గారూ, నేను శాటిలైట్ లింకుల మీదే పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి. మీరు ప్లాన్ పేరు చూస్తున్నారు, చూడాల్సింది విమానం నెత్తిన ఏముందో. వీపు మీద చిన్న మూపురంలా ఒకటి కనిపిస్తుంది చూడండి, దాన్ని రేడోమ్ అంటాం, యాంటెన్నా దాని కిందే ఉంటుంది. అది ఏ శాటిలైట్‌తో మాట్లాడుతుందో దాన్ని బట్టే మీ పని జరుగుతుందా లేదా అన్నది తేలుతుంది.

చాలా విమానాల్లో ఇప్పటికీ ఉన్నది జియో శాటిలైట్ లింక్, అంటే భూమధ్యరేఖ పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, కింద నుంచి చూస్తే ఒకేచోట ఆగినట్టు కనపడే శాటిలైట్. మీరు ఒక లింక్ నొక్కితే ఆ రిక్వెస్ట్ విమానం నుంచి పైకి శాటిలైట్‌కి, అక్కడి నుంచి కింద గ్రౌండ్ స్టేషన్‌కి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది, జవాబు మళ్ళీ అదే దారిలో వెనక్కి రావాలి. నాలుగు అంగలు, అన్నీ కలిపితే లక్షా నలభై వేల కిలోమీటర్ల పైనే. కాంతి సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి ప్రయాణానికే దాదాపు అర సెకను అయిపోతుంది, మధ్యలో ఉన్న పరికరాలు తినే టైమ్ కూడా కలిపితే 600 మిల్లీసెకన్లు దాటుతుంది. మీరు ఏ ప్లాన్ కొన్నా ఈ అర సెకను తగ్గదు.

స్టార్‌లింక్ లాంటివి లియో, అంటే దగ్గర కక్ష్య, సుమారు 550 కిలోమీటర్లు. అవే నాలుగు అంగలు అక్కడ ఏడెనిమిది మిల్లీసెకన్లలో అయిపోతాయి, అన్నీ కలుపుకున్నా మామూలుగా వంద లోపే ఉంటుంది. మీ ఫ్లైట్‌లో లియో ఉంటే మీరడిగిన మూడూ హాయిగా నడుస్తాయి. జియో ఉంటే చాట్ నడుస్తుంది, వీపీఎన్ ఏడిపిస్తుంది, టెర్మినల్‌లో అక్షరం కొట్టాక అది స్క్రీన్ మీద కనపడేదాకా ఎదురుచూడాలి.

పెద్ద ప్లాన్ విషయం. కొన్ని ఎయిర్‌లైన్స్‌లో పెద్ద ప్లాన్ కొన్నవాళ్ళకి స్పీడ్ లిమిట్ ఎక్కువ పెడతారు, అది నిజమే. కానీ విమానం మొత్తానికి వచ్చేది ఒకటే లింక్, దాన్నే అందరూ పంచుకోవాలి, పైగా అదే శాటిలైట్ బీమ్ (ఒక ప్రాంతం మీదికి పంపే సిగ్నల్) కింద ఇంకో పది విమానాలు ఉండొచ్చు.

నీలిమబ్బు:
రంగయ్యన్నా మంచిగ చెప్పినవ్, కానీ నేల మీది టవర్ల సంగతి వదిలేసినవ్. అసలు అమెరికాల ఇది జనానికి అలవాటైందే దాంతోని. 2008ల గోగో అనే కంపెనీ, అప్పుడు దాని పేరు ఎయిర్‌సెల్, మామూలు సెల్ టవర్ల లెక్క కాకుండ ఆకాశం దిక్కు చూసే యాంటెన్నాలు పెట్టింది, విమానం కడుపు కింద ఇంకో యాంటెన్నా. మొదట్ల విమానం మొత్తానికి గరిష్ఠంగ 3.1 ఎంబీపీఎస్, గంతే. నలుగురు మెయిల్ చూసుకుంటే సరిపోతది, ఒక్కడు వీడియో పెడితే అందరిదీ ఆగుతది. విమానం సముద్రం మీదికి పోతే టవర్ ఉండదు, నెట్ ఉండదు. యూరప్‌ల ఇప్పుడు ఇదే పద్ధతి ఇంకో తీరుగ నడుస్తుంది, దాదాపు 300 నేల టవర్లు, వాటికి తోడు ఒక శాటిలైట్, రెండూ కలిపి వాడుతరు.

దానికన్న ముందు బోయింగ్ వాళ్ళే కనెక్షన్ అని శాటిలైట్ సర్వీస్ తెచ్చిన్రు. 2004ల లుఫ్తాన్సా ఫ్లైట్ల మొదలైంది, 2006 ఆఖరుకల్ల మూసేసిన్రు. పరికరాలు బరువు, ఖర్చు ఎక్కువ, వాడేటోళ్ళు తక్కువ. అప్పుడు అందరి చేతుల స్మార్ట్‌ఫోన్ లేకపాయె, లాప్‌టాప్ పట్టుకొని ఎక్కినోళ్ళే కొనాలె. నాకైతే అది ఇప్పటికీ బాధనిపిస్తది, టెక్నాలజీ తప్పు కాదు, జనం ఇంకా రాకముందే వచ్చింది.

మేఘమాల:
రంగయ్య గారూ చాలా థాంక్సండీ, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఒక డౌట్. నాకు అప్పుడు మెయిల్ ఓపెన్ అయింది, న్యూస్ సైట్ కూడా పర్లేదు, వీపీఎన్ ఆన్ చేస్తేనే అన్నీ చచ్చిపోయాయి. దూరమే కారణమైతే అన్నిటికీ అదే దూరం కదా?

యాంటెన్నా_రంగయ్య:
సరైన ప్రశ్న అడిగారు. రెండు విషయాలు ఉన్నాయి ఇందులో.

ఒకటి. వెబ్‌సైట్లు చాలావరకు టీసీపీ అనే డేటా పంపే పద్ధతి మీద నడుస్తాయి. టీసీపీ కొంచెం డేటా పంపుతుంది, అందింది అని అవతల నుంచి కబురు వచ్చాక ఇంకొంచెం ఎక్కువ పంపుతుంది, అలా మెల్లగా స్పీడ్ ఎక్కుతుంది. ఒక్కో కబురుకి అర సెకను పైన పడితే స్పీడ్ ఎక్కేలోపే పేజీ మీద విసుగొస్తుంది. అందుకని జియో లింకుల్లో విమానంలో ఒక పెట్టె, కింద గ్రౌండ్ స్టేషన్ దగ్గర ఒక పెట్టె పెడతాం. విమానంలోని పెట్టె శాటిలైట్ మీదుగా కబురు వచ్చేదాకా ఆగకుండా మీ లాప్‌టాప్‌కి వెంటనే అందింది అని చెప్పేస్తుంది, అసలు డేటాని తన సొంత పద్ధతిలో కిందికి తోస్తుంది. పేజీలు పర్లేదనిపించేది ఈ పెట్టెల వల్లే. మీరు వీపీఎన్ ఆన్ చేయగానే లోపలున్నదంతా ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, లోపల టీసీపీ ఉందో ఇంకేముందో పెట్టెకి కనపడదు, సాయం చేయలేదు. అప్పుడు మీకు అసలు దూరం మొత్తం తెలిసొస్తుంది.

రెండోది, కనెక్ట్ అయినట్టే అయి ఒక్క పేజీ కూడా రాలేదన్నారే, అది నాకు ఎంటీయూ సమస్యలా ఉంది. ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో దానికో హద్దు ఉంటుంది. శాటిలైట్ లింక్ కొంత చోటు తీసుకుంటుంది, వీపీఎన్ ఇంకొంత తీసుకుంటుంది, అప్పుడు పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. లాగిన్ లాంటి చిన్నవి వెళ్ళిపోతాయి కాబట్టి కనెక్టెడ్ అని చూపిస్తుంది. వీపీఎన్ సెట్టింగ్స్‌లో ఎంటీయూ 1300కి దించి చూడండి. ఇంకోటి, మీ ఐటీ వాళ్ళని అడిగి టీసీపీ 443 పోర్ట్ (డేటా వెళ్ళే ద్వారం నంబర్) మీద నడిచే వీపీఎన్ ప్రొఫైల్ తీసుకోండి, చాలా విమానాల్లో వీపీఎన్‌లు వాడే ఐపీసెక్, యూడీపీ పోర్టులు మూసేస్తారు, 443 మాత్రం మూయరు ఎందుకంటే సెక్యూర్ వెబ్‌సైట్లన్నీ దాని మీదే. టెర్మినల్‌ని సర్వర్‌కి కలిపే ఎస్‌ఎస్‌హెచ్ బదులు మోష్ అనే ప్రోగ్రాం వాడితే మీరు కొట్టిన అక్షరం వెంటనే మీ స్క్రీన్ మీద కనపడుతుంది, కాకపోతే మోష్‌కి యూడీపీ కావాలి, అది వదులుతారో లేదో చెప్పలేం. ఏది వాడినా సర్వర్ మీద టీమక్స్ అనే ప్రోగ్రాం పెట్టుకోండి, లింక్ తెగినా మీ పని అక్కడే ఉంటుంది. ఇవన్నీ ఎక్కే ముందే సెట్ చేసుకోవాలి, పైకెళ్ళాక చేసుకోలేరు.

సుజాత_ట్రిప్స్:
మేఘమాల అక్కా, నెట్ సంగతి తర్వాత, ముందు లాగిన్ పేజీ రావాలి కదా, జనం ఎక్కువ ఇరుక్కునేది అక్కడే. వైఫైకి కనెక్ట్ అవుతారు, నెట్ లేదు అంటుంది, లాగిన్ పేజీ తెరుచుకోదు. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఆన్ ఉందేమో చూడండి, ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి. వీపీఎన్ ఎప్పుడూ ఆన్ అని పెట్టుకుని ఉంటే కాసేపు తీసేయండి. అప్పటికీ రాకపోతే సీటు ముందు కార్డు మీద పోర్టల్ (ఆ లాగిన్ పేజీ) అడ్రస్ రాసి ఉంటుంది, దాన్ని బ్రౌజర్‌లో మీరే టైప్ చేయండి.

తర్వాత పేమెంట్. కార్డు నంబర్ కొడతారు, బ్యాంక్ ఓటీపీ పంపుతుంది, ఆ ఓటీపీ ఎస్ఎంఎస్‌గా వస్తుంది, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంది. అయిపోయింది. నా పక్క సీటాయన పాపం మూడు కార్డులు మార్చి మార్చి కొట్టాడు, ఏదీ అవ్వలేదు, ఆయనకి అర్జెంటుగా ఒక మెయిల్ పంపాలట, మొహం చూస్తే నాకే కష్టమేసింది. అందుకే నేల మీద ఉన్నప్పుడే ఎయిర్‌లైన్ సైట్‌లో కొనేయండి, లేదా బ్యాంక్ యాప్‌లో అప్రూవ్ చేసే పద్ధతి పెట్టుకోండి, అది పోర్టల్ పేజీ నుంచి తెరుచుకోవచ్చు తెరుచుకోకపోవచ్చు, కాబట్టి ముందే కొనడమే మేలు.

ఇంకోటి, కొత్త ఫోన్లు ప్రతి వైఫైకి ఒక నకిలీ మ్యాక్ అడ్రస్ (ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్) చూపిస్తాయి. ప్లాన్ ఆ అడ్రస్‌కి కట్టేసి ఉంటుంది. మధ్యలో నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్ళీ కలిస్తే కొన్ని ఫోన్లలో అడ్రస్ మారిపోయి ఇంకోసారి కొనమంటుంది. ఫర్గెట్ నొక్కొద్దు, కొన్నాక వచ్చిన మెయిల్ గానీ కోడ్ గానీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

తూనీగ:
అందరూ స్పీడ్ గురించే మాట్లాడుతున్నారు. నాకు ఇంకో భయం ఉంది. ఇప్పుడు లియో వచ్చి స్పీడ్ బాగుంటే అందరూ కాల్స్ మొదలుపెడతారు. రాత్రి ఫ్లైట్‌లో పక్కవాడు గంటసేపు గట్టిగా మాట్లాడితే ఎక్కడికి పోతాం, లేచి వెళ్ళే చోటు కూడా ఉండదు. నెట్ ఇవ్వండి, కాల్స్ మాత్రం వద్దు అని గట్టిగా రూల్ ఉండాలి.

కిటికీసీటు:
ఇప్పటికే చాలా ఎయిర్‌లైన్స్ వాయిస్ కాల్ చేయొద్దని తమ రూల్స్‌లో రాస్తున్నాయి. అమెరికాలో 1991 నుంచి ఎఫ్‌సీసీ (అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ) రూల్ ఉంది గాల్లో సెల్‌ఫోన్ వాడొద్దని, అది నేల మీది నెట్‌వర్క్‌కి ఇబ్బంది అని పెట్టింది. 2013లో దాన్ని సడలిద్దామని ప్రతిపాదించారు, జనం, పైలట్లు, క్రూ యూనియన్లు గట్టిగా వ్యతిరేకించారు, 2020లో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. కానీ అది సెల్ సిగ్నల్‌కి సంబంధించిందండీ, వైఫై మీద చేసే కాల్‌కి ఆ రూల్ వర్తించదు, అక్కడ ఎయిర్‌లైన్ పాలసీయే దిక్కు.

పల్లవి_కె:
తూనీగ గారూ, మీ బాధ అర్థమవుతుంది గానీ పూర్తిగా ఒప్పుకోలేను. మా నాన్నగారికి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు నేను గాల్లో ఉన్నాను. ఫ్రీ మెసేజింగ్ ప్లాన్ ఉండబట్టి తమ్ముడు ఒక్కో మాట పంపుతూ ఉన్నాడు, లోపలికి తీసుకెళ్ళారు, ఇంకా బయటికి రాలేదు, అయిపోయింది బానే ఉన్నారు. ఫోటో పంపాడు, అది రాలేదు, గుండ్రంగా తిరుగుతూనే ఉంది, ఎందుకంటే ఆ ప్లాన్‌లో అక్షరాలు మాత్రమే వదులుతారు. ఆ నాలుగు మాటలు రాకపోతే ఆ రాత్రి నేనేమైపోయేదాన్నో. ఒక్క నిమిషం గొంతు వింటే చాలనిపించింది. గంటలు గంటలు మాట్లాడేవాళ్ళని ఆపండి, నేనూ మీతోనే ఉంటా, కానీ అవసరం ఉన్నవాళ్ళు వెనక గ్యాలీ (క్రూ భోజనం సర్దే చోటు) దగ్గర నిలబడి ఒక నిమిషం మాట్లాడుకునే వీలు ఉండాలి.

తూనీగ:
పల్లవి గారూ, నాన్నగారు బాగున్నందుకు సంతోషం. గ్యాలీ దగ్గర ఒక నిమిషం, క్రూని అడిగి, అంటే నాకు అభ్యంతరం లేదు. సీట్లో కూర్చుని వద్దు అన్నదే నా మాట. మెసేజింగ్ మాత్రం ప్రతి ఫ్లైట్‌లో ఫ్రీగా ఉండాల్సిందే, దానికి పట్టే డేటా ఎంతని.

నీలిమబ్బు:
కాల్స్ మాటొచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కొన్ని విమానాల్ల వైఫై కాకుండ చిన్న సెల్ టవర్ కూడ ఉంటది లోపల, పికోసెల్ అంటరు. ఎమిరేట్స్‌ల 2008లనే ఏరోమొబైల్ పేరుతోని కాల్స్ మొదలైనయ్, యూరోపియన్ కమిషన్ 2022ల విమానాల లోపల 5జీ పికోసెల్‌కి కూడ దారి తెరిచింది. మీ ఫోన్ ఫ్లైట్ మోడ్‌ల లేకపోతే అది దానంతటదే ఆ నెట్‌వర్క్ పట్టుకుంటది, అది రోమింగ్. మామూలు రోమింగ్ ప్యాక్‌ల విమానం నెట్‌వర్క్ చాలాసార్లు ఉండదు, మీరు నిద్రపోతుంటె ఫోన్ ఫోటోలు బ్యాకప్ చేస్కుంటది, దిగినంక బిల్లు చూస్తె గుండె ఆగుతది. ఫ్లైట్ మోడ్ పెట్టి, దాని మీద వైఫై ఒక్కటే ఆన్ చేయున్రి.

సైబర్_శ్రావణ్:
సేఫ్టీ గురించి ఎవరూ ఎత్తలేదు. విమానం వైఫై కూడా పబ్లిక్ వైఫైయే. 2024లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు ఒక మనిషి మీద కేసు పెట్టారు, ఎయిర్‌పోర్టుల్లోనూ విమానాల్లోనూ అసలు వైఫై పేరుతోనే నకిలీ వైఫై పెట్టి, లాగిన్ పేజీలో జనం మెయిల్, సోషల్ మీడియా పాస్‌వర్డులు లాగాడని. ఒక ఎయిర్‌లైన్ సిబ్బందికి ఫ్లైట్‌లో అనుమానాస్పద నెట్‌వర్క్ కనపడి చెప్తేనే బయటపడింది. కాబట్టి విమానం వైఫై పేజీ మీ మెయిల్ పాస్‌వర్డ్ గానీ ఫేస్‌బుక్ లాగిన్ గానీ అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి, క్రూకి చెప్పండి. సీటు నంబర్, ఇంటిపేరు, లేదా ఎయిర్‌లైన్ మెంబర్ అకౌంట్, ఇవి అడగడం మామూలే.

2015లో ఇంకోటి జరిగింది, గోగో వాళ్ళే వీడియో ట్రాఫిక్ తగ్గించడానికి యూట్యూబ్‌కి తమ సొంత నకిలీ సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి చూపే గుర్తు) ఇస్తున్నారని గూగుల్ ఇంజనీర్ ఒకరు పట్టుకున్నారు. బ్రౌజర్ సర్టిఫికెట్ వార్నింగ్ చూపిస్తే ఆత్రంగా కంటిన్యూ నొక్కకండి, ఆ హ్యాబిట్ చాలా ప్రమాదం.

రవి_ఎగురుతూ:
శ్రావణ్ బ్రో, వైఫై నుంచి విమానం కంట్రోల్స్‌లోకి దూరొచ్చు అంటారు కదా, అది నిజమా?

సైబర్_శ్రావణ్:
ప్యాసింజర్ నెట్‌వర్క్, విమానాన్ని నడిపే నెట్‌వర్క్ వేరు వేరుగా ఉండాలని సర్టిఫికేషన్‌లోనే చూస్తారు బ్రో. మనం జాగ్రత్తపడాల్సింది మన పాస్‌వర్డుల గురించి.

రవి_ఎగురుతూ:
ఓకే బ్రో. ఇంకో మాట, ఇప్పుడు చాలాచోట్ల ఫ్రీ అయిపోతోంది కదా, ఇంకా ప్లాన్లు కొనడం ఎందుకు? జెట్‌బ్లూ 2013లోనే ఫ్రీగా మొదలుపెట్టింది, డెల్టా 2023 ఫిబ్రవరి నుంచి మెంబర్లకి ఫ్రీ అంది, 2024లో హవాయియన్, ఖతార్ స్టార్‌లింక్ పెట్టి ఫ్రీ ఇచ్చాయి.

యాంటెన్నా_రంగయ్య:
రవీ, ఫ్రీ అన్నది లింక్ బలంగా ఉన్నచోటే పనిచేస్తుంది. నువ్వు చెప్పిన జెట్‌బ్లూ చూడు, వాళ్ళు పెట్టింది కా బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీ వాడే కొత్త తరం శాటిలైట్, దానికి కెపాసిటీ ఉంది కాబట్టి ఫ్రీ ఇచ్చినా నిలబడింది. పాత లింక్ ఉన్న విమానంలో రేపటి నుంచి ఫ్రీ అంటే రెండొందల మంది ఒకేసారి ఎక్కుతారు, ఎవరికీ ఏమీ రాదు. ఫ్రీ కంటే ముందు ఎయిర్‌లైన్స్ చేయాల్సింది ఒకటుంది. టికెట్ పేజీలో సీటు ఎంత వెడల్పో చూపిస్తారు, చార్జింగ్ పాయింట్ ఉందో లేదో చూపిస్తారు, వైఫై దగ్గరికొచ్చేసరికి ఒక చిన్న బొమ్మ పెట్టి వదిలేస్తారు. జియోనా లియోనా, మామూలుగా ఎంత వస్తుంది, ఏ దారిలో పోతుంది అని రెండు లైన్లు రాయడానికి ఏం కష్టం? మేఘమాల గారు ఈ ప్రశ్న ఇక్కడ అడగాల్సిన అవసరమే ఉండేది కాదు. నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఇది.

మేఘమాల:
నిజమండీ. మరి నా ఫ్లైట్‌లో ఏముందో ఎలా తెలుసుకోవాలి?

యాంటెన్నా_రంగయ్య:
బుకింగ్‌లో విమానం మోడల్ రాసి ఉంటుంది, ఎయిర్‌లైన్ సైట్‌లో ఆ మోడల్‌కి వైఫై ఎవరు ఇస్తున్నారో కొంతమంది రాస్తారు. స్టార్‌లింక్ అని ఉంటే లియో. వయాశాట్, ఇన్‌మార్‌శాట్ అని ఉంటే ప్రస్తుతానికి జియో అనుకోండి, 2023లో వయాశాట్ ఇన్‌మార్‌శాట్‌ని కొనేసింది కాబట్టి పేర్లు కలిసిపోయి ఉంటాయి. పానసోనిక్ అని ఉంటే చాలావరకు జియోనే. ఏమీ రాయకపోతే కస్టమర్ కేర్‌కి రాసి అడగండి. ఒకటి గుర్తుంచుకోండి, ఒకే మోడల్‌లో కొన్నిటికి పాతది, కొన్నిటికి కొత్తది ఉండొచ్చు, ఆఖరి నిమిషంలో విమానం మారొచ్చు.

దారి కూడా చూడండి. ఉత్తర ధ్రువం మీదుగా వెళ్ళే రూట్ అయితే జియో శాటిలైట్ దిగంతం దగ్గరికి దిగిపోతుంది, అక్కడ కొన్ని గంటలు నెట్ పోతుంది, ఎవరి తప్పూ కాదు. భూమధ్యరేఖ దగ్గర ఇంకో చిక్కు. కొన్ని కూ బ్యాండ్ (ఇంకో ఫ్రీక్వెన్సీ) యాంటెన్నాలు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి, అక్కడ కోణం వంకరగా పడి పక్క శాటిలైట్‌కి సిగ్నల్ తగులుతుంది, అందుకని పవర్ తగ్గించాల్సి వస్తుంది లేదా పూర్తిగా ఆపాలి. కొన్ని దేశాల గగనతలంలో అనుమతి లేక కూడా ఆపేస్తారు.

సుజాత_ట్రిప్స్:
అక్కా, డబ్బు కట్టాక పనిచేయకపోతే మాత్రం ఊరుకోవద్దు. చాలామందికి తెలీదు, రీఫండ్ అడిగితే ఇచ్చే ఎయిర్‌లైన్స్ ఉన్నాయి. నెట్ ఆగినప్పుడు ఎర్రర్ పేజీ స్క్రీన్‌షాట్ తీయండి, పైన టైమ్ కనపడాలి. సీటు స్క్రీన్ మీద మ్యాప్ పెట్టి దాన్నీ ఒక ఫోటో తీసుకోండి, ఏ చోట ఆగిందో తెలుస్తుంది. క్రూకి చెప్తే కొన్నిసార్లు సిస్టమ్ రీసెట్ చేస్తారు, ముందు అది అడగండి. దిగాక ఎయిర్‌లైన్‌కి కాదు, చాలాసార్లు వైఫై కంపెనీకే రాయాలి, రసీదు మెయిల్‌లో అడ్రస్ ఉంటుంది. ఫ్లైట్ నంబర్, తేదీ, సీటు, ఆ ఫోటోలు జతచేసి పంపండి.

మేఘమాల:
ఎంటీయూ, 443 ప్రొఫైల్ గురించి ఐటీకి మెయిల్ పెట్టేశాను. విమానం మోడల్ చూస్తే వైఫై ఎవరిదో రాయలేదు, కస్టమర్ కేర్‌కి కూడా రాశాను. రిలీజ్‌కి కింద ఇంకొకరు ఉండాలని మేనేజర్ గారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. కస్టమర్ కేర్ వాళ్ళు జవాబిస్తే ఇక్కడే పెడతాను, ఇదే రూట్‌లో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.